పచ్చ మిషన్ అన్న

ఏ వస్తువు కొనబోయినా నేను ముందు అడిగేది ఒక్కటే. చెడిపోతే ఎవరు వస్తారు? దుకాణంవాళ్లు కంపెనీ పేరు చెప్తారు. కంపెనీ రాదు నాయనా, వచ్చేది మనిషి, ఆ మనిషెవరో చెప్పు అంటాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలామెకు చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఈ చాదస్తం నాకు ఊరికే రాలేదు. ఒక మనిషి నాకు ఉద్యోగం దక్కేలా చేశాడు. ఆయన ఉద్యోగం నిలబెట్టే అవకాశం నా చేతికి వచ్చినప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. ఆ కోపం కూడా పాతబడి, ఇప్పుడు ఉత్త అలసటగా మిగిలింది.

జనగామలో మా బాపుకు కిరాణా దుకాణం ఉండేది. అరవై తొమ్మిదిలో ఉద్యమం మొదలై కాలేజీలు మూతబడ్డాయి. నా పి.యు.సి. సగంలో ఆగింది. ఆ ఏడు చదువు పోయినట్టేనని అందరికీ అర్థమైపోయింది. "కొట్లాట నౌకర్ల కోసమే అయితే, నౌకరీకి పనికొచ్చేది ఏదన్న నేర్చుకో బిడ్డా" అని బాపు నన్ను స్టేషన్ రోడ్డులోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు.

ఇన్‌స్టిట్యూట్ అంటే ఒక రేకుల గది, ఆరు మిషన్లు, ఒక సారు. మిషన్లలో మూడు నల్లవి, మూడు పచ్చవి. రెండూ వేర్వేరు కంపెనీలవి. ఆ కంపెనీల పేర్లు మేము పలికేవాళ్లమే కాదు, రంగులతోనే పిలిచేవాళ్లం. నల్ల కంపెనీ పాతది, దేశమంతా పేరున్నది. పచ్చ కంపెనీ అప్పుడప్పుడే పైకి వస్తున్నది. చేరిన కొత్తలో నేను కూడా నల్ల మిషనే కావాలని పట్టుబట్టాను. రెండు నెలలు తిరక్కుండానే మూడు నల్లవాటిలో రెండు మూలకు చేరాయి. ఒకదానికి అక్షరాలు లేస్తే కిందికి దిగవు, ఇంకోదానికి రోలరు తిరగదు.

సారు నల్ల కంపెనీకి రాస్తే జవాబు వచ్చింది. అంత అందమైన ఉత్తరం నేను అంతకుముందు చూడలేదు. దళసరి కాగితం, పైన బంగారు రంగు బొమ్మ, కింద ఒక్క తప్పు లేని ఇంగ్లీషు టైపు. 'తమ లేఖ అందినది. తమకు కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము. మా ప్రతినిధి వీలైనంత త్వరలో తమను కలుసుకొనగలరు' అని దాని భావం. ప్రతినిధి రాలేదు. సారు ఆ ఉత్తరాన్ని పారేయకుండా గోడకు గుచ్చి, నమూనా లేఖగా పెట్టి మాతో స్పీడు ప్రాక్టీసు చేయించాడు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ. గీ ఉత్తరమన్న పనికొచ్చింది" అనేవాడు. రోజుకు పది సార్లు కొట్టి కొట్టి ఆ మూడు వాక్యాలు నా వేళ్లకు అలవాటైపోయాయి.

మానుకోట తాలూకా ఆఫీసులో టైపిస్టు జాగా ఖాళీగా ఉందని, టైపు లోయరు పరీక్ష పాసైతే చాలని బాపుకు ఎవరో చెప్పారు. మహబూబాబాదు అనే పేరు కాగితాల మీదే, నోట్లో ఎప్పుడూ మానుకోటే. పరీక్ష వరంగల్లులో. రెండుసార్లు వాయిదా పడి మూడోసారి తేదీ ఖాయమైంది. ఆ రోజుల్లో టైపు పరీక్షకు ఎవరి మిషన్ వాళ్లే మోసుకుపోవాలి. నేర్చుకున్న మిషన్ మీద ఉరికే వేళ్లు, పరాయి మిషన్ మీద కుంటుతాయి. అందుకని మిషన్‌ను బొంతలో చుట్టి, తాడుతో కట్టి, పాసింజరు బండిలో పక్కన కూర్చోబెట్టుకుని పోయేవాళ్లం. పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోతున్నారని బండిలో జనం నవ్వేవారు.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా నా పచ్చ మిషన్ లోపలి పట్టీ తెగింది. ఆ పట్టీ లాగితేనే, కాగితం ఎక్కించిన క్యారేజీ ఒక్కో అక్షరానికి ఒక్కో అడుగు జరుగుతుంది. పట్టీ తెగితే క్యారేజీ కదలదు, కొట్టిన అక్షరాలన్నీ ఒకే చోట పడి నల్ల మచ్చ అవుతుంది. సారు పురికొసతో కట్టి చూశాడు. నాలుగు లైన్లకు పుటుక్కున తెగేది. మిగతా మిషన్ల మీద వేరేవాళ్ల పరీక్షలున్నాయి, నాకెవరిస్తారు?

పచ్చ కంపెనీకి వరంగల్లులో చిన్న బ్రాంచి ఉండేది. కార్డు నేనే రాశాను. కంపెనీవారికి అని మొదలుపెట్టి, రెండు లైన్లు మర్యాదగా రాసి, మూడో లైనులో ఏడుపు ఆపుకోలేక 'ఈ పట్టీ రాకపోతే నా ఉద్యోగం పోయినట్టే' అని రాశాను. ఇంకా రాని ఉద్యోగం పోవడమేమిటో నాకే తెలియదు. సారు చదివి "కంపెనీకి గిట్ల రాస్తరా?" అన్నాడు గానీ డబ్బాలో వేయించాడు.

అప్పుడు పరిస్థితి ఏం బాగాలేదు. బండ్లు ఎప్పుడు నడుస్తాయో, ఎక్కడ ఆగుతాయో తెలియదు. స్టేషన్ దగ్గర పోరగాళ్లు గుంపులుగా నిలబడి, దిగిన కొత్త మొహాలను ఏ ఊరని అడిగేవారు. జవాబు కంటే ముందు యాసే పట్టించేది. అంతకుముందు సినిమాల్లో మా మాటను పెట్టి నవ్వింది కృష్ణా నదికి అటువైపు వాళ్లే కాబట్టి, ఆ యాస చెవిన పడితే చాలు మావాళ్లకు ఒళ్లు మండేది.

కార్డు వేసిన నాలుగో రోజు ఇద్దరు పోరగాళ్లు ఒక మనిషిని వెంటబెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. ఆయనకు ముప్పై ఏండ్లుంటాయి. సన్నటి మనిషి, భుజానికి ఖాకీ సంచీ. "పాపం మూగాయన సారూ, గీ కార్డు సూపిస్తున్నడు, అండ్ల మీ ఇన్‌స్టిట్యూట్ పేరుంది" అన్నారు. అది నా కార్డు. వాళ్లు వెళ్లేదాకా ఆయన పెదవి కదపలేదు. వెళ్లాక తలుపు వైపు ఒకసారి చూసి, చిన్నగా "మంచినీళ్లు ఇప్పిస్తారాండీ?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నదికి అటువైపు మనిషని తెలిసిపోయింది. స్టేషన్ నుంచి అంత దూరం మూగవాడిగా నడిచొచ్చాడు.

సారుకు నవ్వూ భయమూ రెండూ ఒకేసారి వచ్చాయి. "గింత కష్టపడి ఎందుకొచ్చినవన్నా?" అన్నాను నేను. మా దగ్గర ఒక మనిషిని అన్నా అని పిలిస్తే ఇక వేరే పరిచయం అక్కర్లేదు. ఆయన సంచీ విప్పుతూ "మీరు ఉద్యోగం పోద్దని రాశారు కదండీ అమ్మాయిగారూ" అన్నాడు. మిషన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, కొత్త పట్టీ బిగించి, పెట్రోలులో ముంచిన బ్రష్షుతో ఒక్కో అక్షరం కడిగి, నూనె చుక్కలు వేసి, సాయంత్రం బండి వేళకు ముగించాడు. చివర్లో మిషన్ పైమూత తీసి, దాని లోపలి వైపు పెన్సిల్‌తో ఆ రోజు తారీఖు రాశాడు. మళ్లీ వచ్చినప్పుడు ఎన్నాళ్లయిందో తెలియడానికట. పోతూ పోతూ మూలనున్న నల్ల మిషన్లను చూసి, "అవి మావి కావు గానీ" అంటూనే వాటికీ ఇంత నూనె పోశాడు. ఒకటి పనిచేసింది.

సారు స్వయంగా వెంట వెళ్లి బండెక్కించాడు. దారి పొడవునా సారు మాట్లాడాడట, ఆయన తల ఊపాడట. నేను పరీక్ష పాసయ్యాను. మానుకోటలో ఉద్యోగం వచ్చింది. ఈ సంగతంతా చెప్తే బాపు ఒక మాట అన్నాడు. "గిరాకి బోర్డును చూసి రాడు బిడ్డా, గద్దె మీద కూసున్న మనిషిని చూసి వస్తడు." అది దుకాణాల సంగతి అనుకుని ఊరుకున్నాను.

మానుకోటలో పదిహేనేండ్లకు పైగా పనిచేశాను. అన్న రెండు నెలలకోసారి పాసింజరులో వచ్చేవాడు. మధ్యలో అవసరమైతే 'మెకానిక్ గారికి' అని రాసి బ్రాంచి చిరునామా పెట్టి కార్డు వేస్తే చాలు, మూడు నాలుగు రోజుల్లో ఖాకీ సంచీ గుమ్మంలో కనిపించేది. గొడవలు సద్దుమణిగాక ఆయనకు నోరు కూడా వచ్చింది. మా ఆఫీసులో తిరిగి తిరిగి తన 'అండీ'ల మధ్య మా మాటలు కలిపేవాడు. "జర ఆగండమ్మా, పరేషాన్ అవకండి" అంటే ఆఫీసంతా నవ్వేది. నేను ఎక్కువ నవ్వేదాన్ని. ఆయనకూ కోపం వచ్చేది కాదు.

ఒకసారి పాత సంగతులు వచ్చి, "ఆ రోజుల్లో కంపెనీవాళ్లు ఇటువైపు టూర్లకి వెళ్లొద్దన్నారండి. నేను సెలవు పెట్టి వచ్చాను, పట్టీ మాత్రం బ్రాంచిదే" అన్నాడు. నేను విన్నాను. నవ్వాను కూడా. లోపల తాసిల్దారు గంట కొడితే లేచి వెళ్లిపోయాను. ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించే తీరిక నాకు ఆ రోజు లేదు, మరునాడు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

నేను ఆలోచించిందల్లా పచ్చ కంపెనీ ఎంత మంచిదో అని. కొత్త మిషన్ కావాలని ఆఫీసు కాగితం పెట్టినప్పుడల్లా పచ్చదే రాసేదాన్ని. హెడ్ క్లర్కు నల్లది చవకగా వస్తుందంటే ఆయనతో కొట్లాడేదాన్ని. "చవకనే సార్, మూలకు పడ్డంక ఎవరొస్తరు?" అనేదాన్ని. మా ఆఫీసును చూసి కోర్టువాళ్లు అడిగారు, సమితి ఆఫీసు అడిగింది, బడివాళ్లు అడిగారు. అందరికీ ఒకటే చెప్పాను. కొన్నాళ్లకు మానుకోట ఆఫీసుల్లో ఎక్కడ చూసినా పచ్చ మిషన్లే. కంపెనీ నాకు ఏటా ఒక క్యాలెండరు పంపేది. దాన్ని నెత్తి మీద గోడకు తగిలించుకుని మురిసిపోయాను.

ఎనభై దాటాక ఒకసారి వచ్చినప్పుడు, పని అయిపోయినా అన్న లేవలేదు. సంచీ పట్టీని మెలిపెడుతూ కూర్చున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ ఆయనకు అడగడం చేతకాదు. చివరికి "అమ్మగారూ, ఒక ముక్క రాసిస్తారా కంపెనీకి, నా పని గురించి" అన్నాడు. కరెంటు మిషన్లు వస్తున్నాయట, ఆ తర్వాత ఇంకేవో వస్తాయట, పాత మెకానిక్కులను తగ్గిస్తారట. ఎవరి ఫైల్లో ఉత్తరాలుంటే వాళ్లను ఉంచుతామని బ్రాంచి మేనేజరు చెప్పాడట. "పిల్లలు ఇంకా బళ్లోనే ఉన్నారండి. ఇది తప్ప నాకు ఇంకో పని రాదు."

"గింతదానికి గంత సిగ్గుపడుడు ఏందన్నా" అని అప్పటికప్పుడే కాగితం ఎక్కించాను. నాకు వచ్చిన ఉత్తరం ఒక్కటే రకం, ఆఫీసు ఉత్తరం. పైన నంబరు, తారీఖు, విషయం. కింద, 'తమ కంపెనీవారి మిషన్లును, తదనంతర సేవయును మిక్కిలి తృప్తికరముగా ఉన్నవని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. ఇకముందు కూడ ఈ కార్యాలయము తమ కంపెనీనే ఎంచుకొనగలదు' అని ఇంగ్లీషులో కొట్టాను. తాసిల్దారుతో సంతకం పెట్టించి ముద్ర వేశాను. ఒక్క తప్పు లేదు, అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. అన్న రెండుసార్లు చదివాడు. ఏదో వెతుకుతున్నట్టు మళ్లీ పై నుంచి కింది దాకా చూశాడు. "చాలా బాగుందమ్మా" అని జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం జనగామ పోయినప్పుడు బాపుకు చెప్పాను. ఎంత పెద్ద సాయం చేశానో ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా. బాపు బెల్లం కొడుతున్నాడు. "ఆయన పేరు రాసినవా అండ్ల?" అని అడిగాడు.

"ఆఫీసు కాయిదాలల్ల గట్ల మనుషుల పేర్లు రాయరు బాపు" అన్నాను.

"గట్లనా" అని బాపు మళ్లీ బెల్లం కొట్టుకున్నాడు. చదువుకున్న బిడ్డకు తెలియదా అనుకున్నాడేమో.

ఆ తర్వాత కొన్నేండ్లకు మా ఆయనకు భూపాలపల్లి కొత్త గనుల్లో సర్వేయరు పని దొరికింది. నేను మానుకోట వదిలి ఆ గనుల ఆఫీసులోనే టైపిస్టుగా చేరాను. అప్పటి భూపాలపల్లి అంటే అడవి కొట్టిన జాగా, సగం లేచిన క్వార్టర్ల వరుసలు, లారీల దుమ్ము. పొద్దున మిషన్ మీద దుమ్ము ఊదితే కండ్లలో పడేది. అక్కడా నేను చెప్పిన పచ్చ మిషన్లే కొన్నారు, మూడు. అన్న పరకాల బస్సెక్కి అక్కడికీ కొన్నిసార్లు వచ్చాడు. తర్వాత రావడం ఆగిపోయింది. మిషన్లు కొత్తవి, అవసరం పడలేదు, నేనూ కార్డు రాయలేదు. ఎందుకు రావడం లేదని అనుకోను కూడా అనుకోలేదు. పని పడితేనే గుర్తొచ్చే మనుషుల్లో ఆయన్ను నేనే కలిపేశాను.

అప్పుడు ఆఫీసులో కంప్యూటర్ల మాట వచ్చింది. పెద్ద సారు నన్ను పిలిచాడు. టేబుల్ మీద మూడు కంపెనీల కాగితాలున్నాయి. వాటిలో ఒకటి మా పచ్చ కంపెనీది, వాళ్లు కూడా కంప్యూటర్లు అమ్మడం మొదలుపెట్టారు. "ఇరవయ్యేండ్ల సంది మిషన్లతోని ఉన్నవు కదమ్మా, ఎవరివి తీసుకుందాం?" అని అడిగాడు. నేను ఆ కాగితాలు తెరవనే లేదు. "పచ్చ కంపెనీవి తీసుకోండి సార్. చెడిపోతే వాళ్ల మనిషి వస్తడు. ఊళ్లె కొట్లాటలైనా వస్తడు" అన్నాను. సారు నవ్వి సంతకం పెట్టాడు.

రెండు కంప్యూటర్లు వచ్చాయి. వాటికొక చల్లటి గది, కిటికీలకు నల్ల తెరలు. గది ముందు చెప్పులు విడవాలి. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి, రెండింటి నుదుట కుంకుమ పెట్టారు. మా ఆఫీసు మొత్తంలో చల్లగాలి వాటికే. నా మూడు పచ్చ మిషన్లను స్టోరు గదిలో పాత ఫైళ్ల పక్కన పడేశారు. మూడో నెలలో ఒక కంప్యూటరు తెర మీద అడ్డగీత వచ్చి నిలిచిపోయింది. వారానికి రెండోది కూడా పండుకుంది.

హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చునేదాన్ని. లైను కలిస్తే ఒకమ్మాయి తీయగా మాట్లాడి, కంప్లయింటు నంబరు రాసుకోమనేది. ఎన్ని నంబర్లు రాసుకున్నానో, నోటుబుక్కులో ఒక పేజీ నిండింది. ఒకసారి టై కట్టుకున్న ఇంజనీరు వచ్చాడు. మూత విప్పి చూసి, పార్టు రావాలని చెప్పి, చాయి కూడా తాగకుండా జీపెక్కాడు. తర్వాత ఉత్తరం వచ్చింది. దళసరి కాగితం, పైన రంగు బొమ్మ. 'తమ లేఖ అందినది. తమకు కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము.' చదువుతుంటే టేబుల్ మీద నా వేళ్లు వాటంతటవే కదిలాయి. మూడో వాక్యం చదవాల్సిన పని లేకపోయింది.

ఇదంతా ఉత్త విసుగుతో పోయేదే. కానీ గనుల కింద భూములు పోయిన ఇండ్ల వాళ్లకు ఉద్యోగాలిచ్చే లిస్టు ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది. శనివారానికి హెడ్డాఫీసుకు చేరాలి. చేతిరాత కాగితాలు కట్టలుగా ఉన్నాయి, మళ్లీ మొదటి నుంచి కొట్టాలి, కొట్టడానికి మిషన్ లేదు. స్టోరులోవి చూస్తే దుమ్ముకూ తడికీ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వరండాలో ఆడవాళ్లు పొద్దున్నుంచీ కూర్చుని, నేను బయటికి వస్తే "మా పిలగాని పేరెక్కిందా అవ్వా?" అని అడిగేవారు. పెద్ద సారు కోప్పడలేదు. "నువ్వు చెప్తేనే కొన్నం కదమ్మా" అన్నాడు. అంతకంటే కోప్పడితే బాగుండేది.

అప్పుడు గుర్తొచ్చాడు అన్న. పాత అలవాటు ప్రకారం 'మెకానిక్ గారికి' అని రాసి, వరంగల్లు బ్రాంచి చిరునామా పెట్టి, కార్డు వేశాను. గురువారం పొద్దున పరకాల బస్సు దిగి వచ్చాడు. తల సగం నెరిసింది. సంచీ అదే. నాకు ప్రాణం లేచొచ్చింది. "రా అన్నా, మీ కంపెనీదే, నేనే కొనిపిచ్చిన" అంటూ చల్లటి గదికి తీసుకుపోయాను. ఎవరూ చెప్పకుండానే గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. లోపలికి మాత్రం రాలేదు. కంప్యూటర్ల నుదుట ఎండిన కుంకుమ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇది నాకు తెలీదమ్మా" అన్నాడు. "నేనిప్పుడు కంపెనీలో లేనండి" అన్నాడు.

ఏడాదిన్నర అయిందట. ఐదుగురు మెకానిక్కుల్లో ఇద్దరినే ఉంచారట. ఆ ఇద్దరి ఫైళ్లలో ఉత్తరాలున్నాయట. బ్రాంచిలో ఈయన లేడని తెలిసి, పాత పోస్ట్‌మ్యాన్ నా రాత గుర్తుపట్టి, కార్డును నేరుగా ఇంటికి తెచ్చిచ్చాడట.

"మరి నేను రాసిచ్చిన ఉత్తరం ఏమైంది? పోయిందా?"

"పోలేదండీ. బ్రాంచిలో అద్దం కట్టించి గోడకి పెట్టారు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. కంపెనీని మెచ్చుకున్నారు కదండీ, అందుకని గోడకెక్కింది. నా ఫైల్లో ఏం లేదు."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాను. ఇక్కడ కాయలమ్ముకుని చెట్టునే కొట్టేశారు, గొడ్డలి నేను అందించాను. "గప్పుడే ఎందుకు చెప్పలేదన్నా, ఇంకో కాయిదం కొట్టిస్తుంటి కదా?" అన్నాను.

"అంత ప్రేమగా కొట్టిచ్చారు. బాలేదని ఎలా చెప్పనండీ."

"మరి ఇప్పుడెందుకొచ్చినవు?"

"మీరు కార్డు రాశారు కదమ్మా" అన్నాడు, జనగామలో అన్నట్టే. స్టోరు గది ఎక్కడని అడిగాడు.

మధ్యాహ్నానికి రెండు మిషన్లు నిలబెట్టాడు, మూడోది పొద్దుగూకే వేళకు. అదే పెట్రోలు వాసన, అదే బ్రష్షు. నేను వరండాలోనే బల్ల వేయించుకుని లిస్టు కొట్టడం మొదలుపెట్టాను. తండ్రి పేరు, ఊరు, పోయిన భూమి, కొడుకు పేరు. వరండాలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, వాళ్ల పేరు కాగితం మీద పడేదాకా చూసి, చదవడం రాకపోయినా తృప్తిగా వెళ్లేవాళ్లు. అన్న మూడో మిషన్ మూత లోపల తారీఖు రాస్తుంటే వెళ్లి చూశాను. ఆయన చేతిరాతతో పాత తారీఖులు మూడు, ఇప్పటిది ఒకటి. తారీఖులే ఉన్నాయి.

లిస్టు కాగితం తీసి పక్కన పెట్టి, కొత్త కాగితం ఎక్కించాను. పైన నంబరు వేయలేదు, విషయం రాయలేదు. అరవై తొమ్మిది నుంచి నాకు తెలిసిన మెకానిక్, కంపెనీ వద్దన్నా సెలవు పెట్టి వచ్చిన మనిషి, మానుకోటలో ఇన్ని పచ్చ మిషన్లు అమ్ముడుపోయింది ఈయన వల్ల అని నా మనసులో ఉన్నదంతా కొట్టాలనుకున్నాను. మొదటి వాక్యం సగంలో వేళ్లు ఆగిపోయాయి.

"నీ పేరేందన్నా?" అని అడిగాను.

బ్రష్షు తుడుస్తున్న ఆయన చేయి ఆగింది. ఇరవై ఏండ్లు ఆయనకు నీళ్లిచ్చి, చాయి ఇచ్చి, అన్నా అని పిలిచి, నేను ఆ ఒక్క ముక్క అడగలేదన్న సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనేమో తప్పు తనదే అన్నట్టు చిన్నగా నవ్వి, ఆఫీసులో అడిగితే చెప్పినట్టు, ఇంటిపేరుతో సహా నెమ్మదిగా చెప్పాడు. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. తర్వాత మిగతాదంతా ఆగకుండా వచ్చింది. కింద సంతకం పెట్టి, మళ్లీ పైకి వెళ్లి చూస్తే, ఎవరికి రాస్తున్నామో రాసే చోటు ఖాళీగా ఉంది.

"ఎవరికని రాయాలె అన్నా?" అన్నాను.

ఆయన సంచీ మూతి కట్టుకుంటున్నాడు. "అక్కడ ఖాళీ ఉంచండమ్మా. పనిచ్చేవాళ్లెవరైనా దొరికితే నేను రాసుకుంటాను" అన్నాడు.

ఆ జాగా అలాగే వదిలేసి, కాగితం మిషన్‌లోంచి తీసి ఆయన చేతికిచ్చాను.